నాకు లేని జబ్బు

ఎవరింటికి వెళ్ళినా ఈ మధ్య నాకు మంచినీళ్ళకంటే ముందు బాత్‌రూమ్ చూపిస్తున్నారు. మా ఆడపడుచయితే మరీనూ. నేనింకా చెప్పులైనా విప్పకముందే, "వదినా, అదిగో, ఎడంపక్క తలుపు" అంటుంది. కారు డ్రైవరు పెట్రోలు బంకు కనపడితే చాలు, అద్దంలోంచి నావైపు జాలిగా చూసి ఆపేస్తాడు. దిగేది మాత్రం మా ఆయన. "ఎలాగూ ఆగాం కదా" అంటూ వెళ్ళి, పావుగంటకి వస్తాడు. నాకెక్కడో తేడా కొట్టింది.

ఈయన ప్యాంట్లు ఉతికేదాన్ని నేనే కదా, ముందువైపు ఆ తడి మరకలు నాకు తెలియకుండా ఎలా ఉంటాయి? కొళాయి తిప్పి పెట్టుకుని లోపల అంతసేపు దేనికోసం నిలబడుతున్నాడో కూడా తెలుసు. "ఒకసారి డాక్టరుకి చూపించుకోండి, ఈ వయసులో ప్రోస్టేటు వాపు చాలామంది మగవాళ్ళకి ఉంటుందట" అన్నానని రెండ్రోజులు మొహం మాడ్చుకున్నాడు. "నాకేం రోగం? నీ నోట మంచి మాటే రాదా?"

అలాంటి మనిషి నిన్న మా ఆఫీసుకి ఫోన్ చేశాడు. "రేపు సెలవు పెట్టు. నిన్ను డాక్టరుకి చూపిస్తాను." నూట మూడు జ్వరంతో పడుంటే "ఓ మాత్ర వేసుకుని ఆ టీ ఏదో పెట్టు" అన్న మనిషికి ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? నాకే తెలియని రోగమేదో ఈయనకి తెలిసిందేమోనని దారంతా నా ఒళ్ళు నేనే తడుముకున్నాను, పిచ్చిదాన్ని.

"చెప్పండమ్మా, ఏమిటి ఇబ్బంది?" డాక్టరమ్మ నన్నే అడిగింది.

నేను నోరు తెరిచేలోపే ఈయన అందుకున్నాడు. "తనకి సిగ్గండీ, నేను చెప్తాను. రెండేళ్ళయింది. మాటిమాటికీ వెళ్ళాలి. వెళ్తే ఒక పట్టాన రాదు. వచ్చినా చుక్కాచుక్కా. రాత్రి నాలుగైదుసార్లు లేవాలి. మొన్న..." గొంతు తగ్గింది. "మొన్న ఎర్రగా వచ్చింది. భయమేసింది."

ఓహో! ఆడపడుచు జాలీ, డ్రైవరు జాలీ ఇక్కణ్ణుంచి వచ్చాయన్నమాట. అందరి ముందూ నన్ను రోగిష్టిదాన్ని చేసి, ఆ మందులు తను మింగుదామని! ఒళ్ళు మండిపోయింది. బల్ల కింద నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు, కాపాడమన్నట్టు. ముప్పై ఏళ్ళుగా ఈయన తప్పులన్నీ నా నెత్తిన వేసుకున్నాను, ఇదొక్కటీ వేసుకుంటే ఏం పోతుందిలే అనిపించింది ఒక్క క్షణం. కానీ ఎర్రగా వచ్చిందన్నాడే! ప్రోస్టేటే లేని నా పేరుతో రాసిన మందులు మింగితే పోయేది ఈ మనిషే.

డాక్టరమ్మ చీటీ మీద నా పేరు రాస్తోంది. ఆయన చెయ్యి తీసి ఆయన ఒళ్ళోనే పెట్టాను.

"ఆయన చెప్పిందంతా నిజమేనండీ," అన్నాను. "పేరే తప్పు. అది కొట్టేసి ఆయనది రాయండి."