పైనుంచి చూసినవాడు

నా పని కొబ్బరి దింపు. చెట్టెక్కి గెలలు కోసి దింపుతాను. ముప్పై ఏళ్లుగా అదే పని, అందులో నాకు నామోషీ ఏమీ లేదు. ఏసుపాదం అంటే అల్లవరం చుట్టుపక్కల తోటలున్న ప్రతి ఇంటికీ తెలుసు.

నా కూతురు ఏంజెల్ అమలాపురంలో డిగ్రీ చదువుతోంది. మార్చిలో, ఈస్టరు ముందొచ్చే శ్రమదినాలు నడుస్తుండగా, వాళ్ల కాలేజీ వాళ్లు పిట్టల్ని లెక్కపెట్టడానికి పిల్లల్ని మారేడుమిల్లి కొండలకు తీసుకెళ్లారు. తోడుగా పెద్దవాళ్లు కూడా రావచ్చన్నారు. నేను ఎగిరి గంతేసి బస్సెక్కాను. ఇన్నేళ్లలో కొబ్బరిచెట్టు కంటే ఎత్తయింది నేను ఎక్కనే లేదు మరి.

బస్సులో ఏంజెల్ ఏదో ఫారం నింపుతుంటే నా కళ్లు అటు పడ్డాయి. తండ్రి వృత్తి అన్నచోట 'కొబ్బరి వ్యాపారం' అని రాసింది. నాకు చదవడం రాదనుకుందో ఏమో, నేను ఏడో తరగతి దాకా వెలగబెట్టాను. మనసు చివుక్కుమంది. అయినా నోరు మూసుకున్నాను. అది నాకు బొత్తిగా అలవాటు లేని పని.

మొదటి రోజు అడవిలో తలలెత్తుకుని నడిచాం. ఆకులన్నీ రాల్చేసిన బూరుగుచెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. ఒక కొమ్మ మీద డేగలాంటిది కూర్చుంది. రొమ్ము మీద సన్నటి ఎర్ర చారలు. లెక్చరర్ శ్యామ్ బాబు గారు, "ఇదేంటో ఎవరు చెప్తారు?" అన్నారు.

"ఇది మా వైపు లేదండీ. కొండ పక్షి," అన్నాను ధీమాగా.

పిల్లలు పకపకా నవ్వారు. "జాలెడేగండీ బాబూ. మీ కొబ్బరి తోటల్లో రోజూ తిరిగేదే," అన్నారాయన.

నా తల కొట్టేసినట్టయింది. మా కోడిపిల్లల్ని ఎత్తుకుపోయే దొంగపీనుగని నేనెందుకు పోల్చుకోలేకపోయాను? నాకు తెలిసిన జాలెడేగ బూడిద రంగులో ఉంటుంది. దానికి చారలెక్కడివి?

సాయంత్రం శ్యామ్ బాబు గారు నా దగ్గరికొచ్చారు. "రేపు కొండ అంచుకి పిల్లల్నే తీసుకెళ్తానండి. మీరు వంటవాళ్లకి కాస్త సాయంగా ఉండండేం."

ఏంజెల్ నేల చూపులు చూస్తూ, "ఉండిపో నాన్నా," అంది. ఆయన మాటకు ఒళ్లు మండింది. దాని మాటకు ఏడుపొచ్చింది.

"నేను పిట్టల్ని చూడ్డానికొచ్చేనండి. ఉల్లిపాయలు మా ఇంట్లోనూ ఉన్నాయి," అన్నాను.

మర్నాడు వాళ్లు లేచేసరికే కొండ అంచున నిలబడ్డాను. వాళ్లొచ్చారు. శ్యామ్ బాబు గారు నన్ను చూసి మొహం చిట్లించారు. ఎండెక్కి మంచు విడిపోయింది. కింద లోయ నిండా పిట్టలు ఎగురుతున్నాయి. పిల్లలు పిట్టల బొమ్మల పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టారు. పుస్తకాల్లో రొమ్ములూ పొట్టలే కనిపిస్తున్నాయి, లోయలో వీపులు కనిపిస్తున్నాయి.

అప్పుడు వెలిగింది నాకు. కొబ్బరిచెట్టు కొసన, మొవ్వులో కూర్చుంటే పిట్టలన్నీ నా కాళ్ల కిందే ఎగురుతాయి. నా జీవితమంతా నేను చూసింది వీపులే.

"అదిగోండి, ఆ బూడిద వీపుది జాలెడేగ. ఆ బంగారు వీపుది వడ్రంగి పిట్ట. ఎర్రటి రెక్కలతో, నల్లటి తోకతో పొదలోకి దూరింది జెముడు కాకి. ఆ నీలం మెరిసింది చూడండి, పాలపిట్ట."

శ్యామ్ బాబు గారు నమ్మలేదు. కెమెరాలో ఫొటోలు పెద్దవి చేసి ఒక్కొక్కటే చూసుకున్నారు. అన్నీ సరిపోయాయి. ఇరవై మూడు చెప్పాను, ఒక్కటీ తప్పుపోలేదు.

"ఎలా పోల్చేరండీ? ఆయ్, వ్యాపారం మీద తోటల్లో తిరుగుతారు కదా," అన్నారాయనే.

ఏంజెల్ బిక్కచచ్చిపోయి నా వైపు చూసింది. అవునంటే సరిపోతుంది. దాని మాట నిలబడుతుంది, పిల్లల ముందు పరువు దక్కుతుంది. కానీ ఆ ఇరవై మూడు పిట్టల్నీ నాకు చూపించింది వ్యాపారం కాదు.

"వ్యాపారం కాదండి. చెట్లెక్కి దింపు తీస్తాను. పైనుంచి చూసి నేర్చుకున్నాను," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆయన గొంతు సవరించుకుని, "మంచిదండీ. ఏంజెల్, ఆ ఇరవై మూడూ నీ పేరు మీద రాసెయ్. లిస్టులో స్టూడెంట్ల పేర్లే ఉండాలి," అన్నారు.

"అలాగైతే నా పిట్టల్ని లిస్టులోంచి కొట్టేయండి. చూసింది నేను. రాస్తే నా పేరు రాయండి, లేకపోతే మానేయండి. నిన్న జాలెడేగని కాదన్నది కూడా నేనే. అదీ రాసుకోండి."

శ్యామ్ బాబు గారు నోరు తెరిచేలోపే ఏంజెల్ పెన్ను తీసింది. లిస్టుని మోకాలి మీద ఆనించుకుంది. చూసినవారు అన్నచోట రాస్తూ, అందరికీ వినపడేలా చదివింది.

"మోర్త ఏసుపాదం. మా నాన్న. కొబ్బరి దింపు కార్మికుడు, అల్లవరం."

"కార్మికుడు అన్నది సరిగ్గా కనపళ్లేదమ్మా. మళ్లీ దిద్దు," అన్నాను.

ఏంజెల్ కళ్లు తుడుచుకుని, దిద్దింది.