సీటు పట్టుకో మావయ్యా

పొద్దున్నే హోటల్ వెనక వాకిట్లో మెకానిక్ సైకిళ్లకు గాలి కొడుతున్నాడు. లోపలినుంచి సైకిల్ పందెం జట్టు కుర్రాళ్లు ఒక్కొక్కరే మెట్లు దిగి వస్తున్నారు. దిగడమంటే మామూలుగా దిగడం కాదు. ఒకడు రెయిలింగు పట్టుకుని పీతలా పక్కకు తిరిగి దిగాడు. ఇంకొకడికి మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు. మూడోవాడు బల్లమీద కూర్చోబోయి, ‘అమ్మా’ అని లేచి, నిలబడే టీ తాగాడు.

“ఏరా, ఎలా ఉంది?” అన్నాడు మెకానిక్.

“ఏం కాలేదు మావయ్యా!”

అందరూ నవ్వారు. రోజూ ఇదే తంతు. ఆ జట్టుకు ‘ఏం కాలేదు’ అన్నది ఊతపదం. మేనేజరు అదే అనేవాడు, వంటాయన అదే అనేవాడు. చక్రం వంకరపోయినా, చర్మం లేచిపోయినా ఒకటే మాట.

ఈ మాట మన ఇళ్లలోనూ ఉంది. పిల్లాడు పడగానే పరుగెత్తి, “ఏం కాలేదు, ఏం కాలేదు, చీమ చచ్చిపోయింది చూడు, లే!” అంటాం. ప్రేమతోనే అంటాం. ఆ ప్రేమలో తప్పేముంది? ఏమీ లేదు. కానీ ఆ పిల్లాడు పెద్దవాడయ్యాక కూడా అదే మాటతో లేపి పరుగెత్తిస్తుంటామే, చిక్కంతా అక్కడ వస్తుంది.

అది మూడు వారాల సైకిల్ పందెం. రోజుకో అంచె, ఒక ఊళ్లో బయలుదేరి మరో ఊళ్లో ఆగాలి. అన్ని రోజుల సమయమూ కలిపి ఎవరిది తక్కువైతే వాడికి నారింజ రంగు చొక్కా. ఆ చొక్కా ఇప్పుడు మెకానిక్ మేనల్లుడి ఒంటిమీద ఉంది. వాడు ఆరడుగుల మనిషి, అయినా ఇంట్లో పిలుపు మాత్రం ‘బుడ్డోడే’. వాడు మావయ్యా అని పిలవడం విని జట్టంతా అలాగే పిలవడం మొదలుపెట్టింది. చివరికి మేనేజరు కూడా.

బుడ్డోడికి సైకిల్ నేర్పింది ఈ మావయ్యే. వాడికి తండ్రి లేడు. తల్లి బట్టల కర్మాగారంలో కుట్టు మిషన్ల దగ్గర పని. సెలవు రోజున మేనమామ సీటు పట్టుకుని వెనకాల పరుగెత్తేవాడు. “వదలకు మావయ్యా, సీటు పట్టుకో” అని వాడు అరుస్తుంటే, “పట్టుకున్నానురా, తొక్కు!” అంటూ ఎప్పుడో వదిలేసేవాడు. నేర్పేవాళ్లంతా చేసే మోసమే ఇది. పడితే చీమ కథ ఉండనే ఉంది.

ఆ పిల్లాడు ఇంకో మూడు రోజులు ఆ చొక్కా నిలబెట్టుకుంటే చాలు, పందెం వాడిదే. అక్క ఫోన్ చేసినప్పుడల్లా, “వాణ్ణి నీ చేతుల్లో పెట్టానురా” అనేది. మెకానిక్ అదే ధ్యాసలో చైన్‌కు నూనె వేసిందే వేస్తూ ఉండేవాడు.

ఆ రోజు అంచెలో కొండ ఎక్కడం బాగానే జరిగింది. దిగేటప్పుడు వచ్చిపడింది ఉపద్రవం. మలుపులో ముందున్నవాడి చక్రం జారింది, వాడిమీద ఇద్దరు, వాళ్లమీద బుడ్డోడు. వెనక వస్తున్న జట్టు కారు కీచుమని ఆగింది. మెకానిక్ తలుపు తీసి, కారు పైనున్న సైకిల్ దించి, పరుగున వెళ్లాడు. ఈ పందేల్లో మెకానిక్ పని రెండే ముక్కలు. సైకిల్ మార్చాలి, వీపుమీద చెయ్యి వేసి తోయాలి. ఎంత త్వరగా తోస్తే అంత గొప్ప.

బుడ్డోడు అప్పటికే లేచి నిలబడ్డాడు. మోకాలు చీరుకుపోయింది, అంతే.

“ఏం కాలేదురా, ఏం కాలేదు, ఎక్కు!” అన్నాడు మెకానిక్. అవును, ఆయన కూడా అదే అన్నాడు.

“ఏం కాలేదు మావయ్యా” అన్నాడు వాడూ. ఎక్కాడు. బూటు పెడల్‌కు టక్కున బిగుసుకుంది. మెకానిక్ వాడి వీపుమీద చెయ్యి వేశాడు.

కారులోంచి మేనేజరు కేక. “తోయండి మావయ్యా! తోయండి! వాళ్లు వెళ్లిపోతున్నారు!”

తోయబోయిన మనిషి ఆగిపోయాడు. సైకిల్ ముందు చక్రం కొండ మీదికి తిరిగి ఉంది. దిగివచ్చిన దారికే.

“అటు కాదురా...”

“ఇటే కదా మావయ్యా, కొండ ఎక్కాలిగా ఇంకా” అన్నాడు బుడ్డోడు, ఎంతో ధీమాగా.

మెకానిక్ వంగి వాడి హెల్మెట్ వెనకవైపు చూశాడు. అక్కడో సన్నని బీట. వీపుమీది చెయ్యి కిందికి జారింది. సీటు పట్టుకుంది.

“వదులు మావయ్యా!”

“వదలను.”

“నా చొక్కా పోతుంది! వదులు! నా కష్టమంతా నువ్వే గంగలో కలుపుతున్నావ్!” వాడు బలం కొద్దీ తొక్కాడు. బలం తక్కువవాడా! మెకానిక్ రెండు చేతులా పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాడు. మేనేజరు దిగి వచ్చి మీద పడ్డంత పని చేశాడు. “మీకేమైనా మతిపోయిందా? వాడు బాగానే ఉన్నాడు!”

“బాగుంటే డాక్టరమ్మను చెప్పమనండి సార్. అంతదాకా నా చేతులు విరిచినా వదలను.”

పందెం డాక్టరమ్మ కారు దిగి వచ్చింది. కుర్రాడి కళ్లలోకి చూసి నెమ్మదిగా అంది. “బాబూ, నేను మూడు మాటలు చెప్తాను, మళ్లీ చెప్పు. కిటికీ, గొడుగు, దువ్వెన.”

“కిటికీ...” అని వాడు కాసేపు ఆలోచించాడు. “గొడుగెందుకండీ, వాన లేదుగా?”

ఎవరూ నవ్వలేదు. మేనేజరు తలమీది టోపీ తీసేశాడు. డాక్టరమ్మ పందెం అధికారిని పిలిచింది. ఆయన వచ్చి కుర్రాడి వీపున గుచ్చిన నంబరు పిన్నీసులు ఒక్కొక్కటే విప్పాడు. నంబరు తీశారంటే ఆట అయిపోయినట్టే. చొక్కా ఒంటిమీద ఉండగానే బుడ్డోడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సీటు పట్టుకున్న చేతులు మాత్రం ఇంకా వదల్లేదు.

ఆస్పత్రిలో తలకు స్కానింగ్ తీశారు. లోపల కొంచెం నెత్తురు చేరిందన్నారు. “మందులతో, విశ్రాంతితో తగ్గిపోతుంది. ఆ దిగుడులో ఇంకో దెబ్బ తగిలి ఉంటే మాత్రం ఏమయ్యేదో నేను చెప్పలేను” అన్నాడు అక్కడి పెద్ద డాక్టరు.

మర్నాడు అక్క వస్తోందని తెలిసి మెకానిక్ వరండాలో అటూ ఇటూ తిరిగాడు. గెలుపు నోటిదాకా వచ్చిన కొడుకు. ఆ కూడు లాగేసింది సొంత తమ్ముడు. టీవీలో ఊరంతా చూసింది. అక్కకు ఏ ముఖం చూపించాలి?

ఆమె వచ్చింది. చేతిసంచి కింద పెట్టి, తమ్ముడి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. సైకిల్ లాగినప్పుడు అరచేతులు ఒరుసుకుపోయాయి.

“నన్ను తిట్టక్కా” అన్నాడు.

“తిట్టడమేంట్రా పిచ్చివాడా! నా కొడుకును నాకు తిరిగి ఇచ్చావు. ఈ చేతులకు దండం పెట్టుకోవాలి నేను” అని నిజంగానే కళ్లకద్దుకుంది.

లోపలినుంచి బుడ్డోడి గొంతు. “మావయ్యా, ఇలా రా.” రాత్రంతా ముఖం గోడవైపు పెట్టుకున్న కుర్రాడు ఇవాళ ఇటు తిరిగాడు. మంచం పక్కనే మేనేజరు ఉన్నాడు. బుడ్డోడు మేనమామను చూసి చిన్నగా నవ్వాడు.

“చిన్నప్పుడు వదలనని చెప్పి వదిలేశావు. నిన్న వదలమని మొత్తుకుంటే వదల్లేదు. నీకెప్పుడూ చెప్పినమాట వినే అలవాటు లేదు కదా మావయ్యా!” నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. “బతికించావు. నీ రుణం తీర్చుకోలేను.”

“మరి చొక్కా...”

“వచ్చే ఏడాదీ చొక్కాలు కుడతార్లే. ఈ తల ఒక్కటేగా ఉంది.”

మేనేజరు లేచి నిలబడ్డాడు. “నిన్న నాకు చొక్కా కనిపించింది మావయ్యా. మీకు పిల్లాడు కనిపించాడు. పడినవాణ్ణి డాక్టరు చూడకుండా ఇకమీదట మా జట్టులో ఎవ్వరూ తోయరు. మాట ఇస్తున్నా.” అని, వెంటనే కుర్రాడివైపు తిరిగి, “నువ్వేం బాధపడకు, ఏం కాలే...” అనబోయి నాలిక కరుచుకున్నాడు. అందరూ ఫక్కున నవ్వారు.

ఆ నవ్వులో అక్క మాత్రం కలవలేదు. కొడుకు మంచంమీద కూర్చుని, వాడి తల నిమురుతూ అంది. “నవ్వకండయ్యా. మా మిషన్ల దగ్గరా ఇదే మాట. వేలిలో సూది దిగినా గుడ్డపీలిక చుట్టుకుని ‘ఏం కాలేదు’ అంటాం. జ్వరం కాస్తున్నా అదే మాట. మేమే అంటాం గనక పైవాళ్లకు అడిగే పనే లేదు. ఓర్చుకోవడమే గొప్పని మా అమ్మ నాకు నేర్పింది, నేను వీడికి నేర్పాను. వాడు మెదడులో నెత్తురు పెట్టుకుని కూడా ఆ పాఠమే అప్పజెప్పాడు.”

ఆమె వంగి కొడుకు ముఖంలోకి చూసింది. వాడు పుట్టాక ఎన్నిసార్లు పడ్డాడో, అన్నిసార్లూ అడగని ప్రశ్న ఇప్పుడు అడిగింది. “ఏమైంది నాన్నా? ఎక్కడ నొప్పి?”

వాడు చాలాసేపు చెప్పాడు. తల సంగతి, మోకాలి సంగతి, మొదటి వారం నుంచీ ఎవరికీ చెప్పని నడుము సంగతి, ఓడిపోతానన్న భయం సంగతి. ఆమె అడ్డురాకుండా అంతా విన్నది. ఆ తర్వాత తమ్ముడివైపు తిరిగింది.

“పడ్డవాళ్లకు ‘ఏం కాలేదు’ అని మనం చెప్పకూడదురా. ‘ఏమైంది’ అని అడగాలి. వాళ్లు చెప్పేదాకా, నీలాగా, సీటు పట్టుకుని నిలబడాలి.”