ఎదురు చుట్టు

హెడ్‌లైటు కింది జాయింటు విప్పడానికి ఆయన గోటితో టేపు కొస వెతికాడు. దొరకలేదు. నుదుటి మీదున్న కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని మళ్లీ వెతికాడు. కొస ఉండాల్సిన చోట లేదు, అవతలి పక్కన ఉంది. లాగితే టేపు తన వైపుకి ఊడి రావాలి, ఇది ఎదురు తిరిగి ఊడుతోంది. నిన్న సాయంత్రం కొట్టుకి తాళం వేసే ముందు ఈ టేపు చుట్టింది తనే. కుడిచేతివాటం మనిషి ఇలా చుట్టడు. చుట్టమని బతిమాలినా రాదు.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు.

వీధిలో అందరూ ఆయన్ని ఫ్యూజాయన అంటారు. బండి ఏ రోగంతో వచ్చినా "ముందు ఫ్యూజు చూడండి" అనడం ఆయన అలవాటు. ఒకసారి భార్య తలనొప్పిగా ఉందంటే నోరు జారి అదే మాటన్నాడు, ఆ పూటంతా చివాట్లు తిన్నాడు. సన్నటి మనిషి, నడుం దగ్గర కొంచెం వంగాడు. వేళ్ల కొసల నలుపు సబ్బుకీ కిరసనాయిలుకీ కూడా లొంగదు. వయసొచ్చినప్పటినుంచీ పాత మోటారుసైకిళ్లకి వైరింగు చెయ్యడం తప్ప ఇంకో పని ఎరగడు. గట్టిగా మాట్లాడిందీ లేదు, ఎవరితోనూ పేచీ పెట్టుకున్నదీ లేదు. ఒక్క బామ్మర్దితో తప్ప.

బామ్మర్దంటే భార్య తమ్ముడు. ఇదే గదిలో, ఎదుటి గోడ దగ్గర కూర్చుని ఇదే పని చేసేవాడు. ఎడమచేతివాటం. అతను చుట్టిన టేపు చూస్తే ఎవరి పనో వీధిలో ఎవరైనా చెప్పేసేవాళ్లు. ఫ్యూజాయనకి వైరు గీత గీసినట్టు పోవాలి. బామ్మర్దేమో ప్రతి మలుపు దగ్గరా బెత్తెడు వైరు వదులుగా వదిలేసేవాడు.

"వైరుకి ఊపిరాడాలి బావా" అనేవాడు.

"అది వైరురా, మీ అక్క కాదు, ఊపిరాడకపోతే అరవడానికి" అనేవాడు ఈయన.

పోయిన వానాకాలం అతను జ్వరమని పడుకుని, మళ్లీ లేవలేదు. సగంలో వదిలేసిన పని ఈ బండి. అతని సొంత బండే, ఆరు వోల్టుల కాలం నాటిది. దాని లైటు వెలిగిందో లేదో చూడాలంటే ఇంకో లైటు కావాలని ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. పన్నెండు వోల్టులకి మార్చి కూతురి చేతికిస్తానన్నాడు. ఆ పని ఇప్పుడు ఫ్యూజాయన మీద పడింది. కాయిలు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, బల్బులూ హారనూ మార్చాడు. బండి ఒక్క తన్నుకే స్టార్టవుతోంది. కానీ ఉండుండి, ఎందుకో తెలియకుండా, ఫ్యూజు కాలిపోయి లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోతున్నాయి.

లేచి గుమ్మం దాకా వెళ్లి పక్క కొట్టు పంక్చర్లాయన్ని అడిగాడు.

"మా కొట్లోకి ఎవరన్నా వచ్చారా? టేపు ఎవరో ఎదురు చుట్టారు."

"తాళం తీసింది మీరేగా" అన్నాడు అతను ట్యూబు నీళ్లలో ముంచుతూ. "అయినా దొంగలొస్తే వైరు ఎత్తుకుపోతారు గానీ టేపు చుట్టి పోతారా?"

నిజమే. ఫ్యూజాయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. వెనక్కి వచ్చి ఆ ఎదురు టేపు పూర్తిగా ఊడదీసి, జాయింటు చూసుకుని, తన పద్ధతిలో మళ్లీ చుట్టాడు. కుడిచెయ్యి పొద్దుటినుంచీ తిమ్మిరిగా ఉంది. రెండుసార్లు విదిలించాడు.

మధ్యాహ్నం భార్య అన్నం తెచ్చింది. స్టూలు ఆయనకిచ్చి తను గుమ్మం మీద కూర్చుంది.

"అమ్మాయి సాయంత్రం వస్తుందండీ బండికి. రేపటినుంచే ఉద్యోగం. తిరిగొచ్చేసరికి రోజూ చీకటి పడుతుంది."

"ఊఁ."

"ఆ కాలవగట్టు మీద ఒక్క దీపం లేదు. మధ్యలో ఈ లైటు కూడా ఆరిపోతే?" ఆవిడ గొంతు తగ్గింది. "వాడెలాగూ పోయాడు. వాడి పిల్లకేమన్నా అయితే నేను తట్టుకోలేను."

"తప్పు వాడి వైరింగులోనే ఉంది. పట్టుకుంటాలే" అన్నాడు ఆయన. మంచినీళ్ల గ్లాసు అందుకోబోతే వేళ్లలోంచి జారి నేల మీద పడింది. ఆవిడ గ్లాసు తీసి, ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి, మళ్లీ నీళ్లు పోసిచ్చింది.

ఆవిడ వెళ్లాక గోడకి ఆనుకుని కళ్లు మూశాడు. నిద్రపట్టిందో లేదో తెలియదు. గదిలో సర్రుమని చప్పుడైంది. చుట్టలోంచి టేపు లాగితే వచ్చే చప్పుడు. కాసేపాగి మళ్లీ సర్రుమంది. దాని వెంటనే నాలిక అంగిట్లో కొట్టిన చిన్న 'టక్'. టేపు తెంపగానే అలా నాలికతో టక్కుమనిపించే మనిషి ఆయన ఎరిగినంతలో ఒక్కడే.

కళ్లు తెరవాలంటే భయం వేసింది. ఆ భయం లోపల, తనకే సిగ్గేసేంత సంతోషం కూడా కలిగింది. ఇన్ని నెలలుగా ఎదుటి గోడ బోసిగా ఉంటే ఆ గోడ వైపు వీపు పెట్టుకుని పని చేస్తున్నాడు. వాడు లేని గదిలో చెవులు చచ్చిపోయినట్టుంది ఆయనకి.

కళ్లు తెరిచాడు. ఎవరూ లేరు. టేపు చుట్ట తన ఒళ్లోనే ఉంది. బండి దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. సీటు కింద ఒకటి, ట్యాంకు కింద ఒకటి, హెడ్‌లైటు వెనక ఒకటి, మూడు జాయింట్లకీ కొత్త టేపు. మూడూ ఎదురు చుట్టే.

ఆయనకి ఒళ్లు మండింది.

"బతికున్నప్పుడూ ఇంతే నువ్వు. నా పని ఒక్కటి నీకు నచ్చి చావలేదు కదరా" అన్నాడు ఎదుటి గోడతో, గట్టిగా. "ఏముంది ఇందులో తప్పు? చెప్పు!"

పక్క కొట్లో సుత్తి చప్పుడు ఆగింది. ఫ్యూజాయన పట్టించుకోలేదు. సీటు కింది టేపు విప్పి చూశాడు, జాయింటు బాగానే ఉంది. ట్యాంకు కిందిదీ బాగానే ఉంది. హెడ్‌లైటు వెనకదీ అంతే. మూడూ శుభ్రంగా ఉన్నాయి, మూడూ ఒకే వైరు మీద ఉన్నాయి. వెనకనుంచి ముందుకి, చెయ్యి పట్టుకు నడిపించినట్టు. ఆ వైరు మీద ఆయన ఇంకా విప్పి చూడని చోటు ఒక్కటే మిగిలింది. హ్యాండిల్ తిరిగే మెడ.

హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పి, టార్చి వేసి లోపలికి చూశాడు. వైరు నరంలా బిగిసి, మెడ ఇనుము అంచుకి ఒరుసుకుంటోంది. పై తోలు చిరిగి రాగి కనిపిస్తోంది. ఎడమకి తిప్పి బ్రేకు నొక్కితే చాలు, ఆ కుదుపుకి రాగి ఇనుముకి తగిలి, షార్టయి, ఫ్యూజు ఎగిరిపోతుంది.

అక్కడ బామ్మర్ది బెత్తెడు వైరు వదులుగా వదిలాడు. అసహ్యంగా వేలాడుతోందని దాన్ని కోసేసి గీత గీసినట్టు బిగించింది తనే.

కాలవగట్టు మీద పిల్ల కళ్ల ముందు మెదిలింది.

"నీదే రైటురా" అన్నాడు చివరికి. ఆ మాట వాడుండగా ఒక్కసారీ అనలేదు.

చిరిగిన ముక్క తీసేసి, కొత్త వైరు వేసి, మెడ దగ్గర బెత్తెడు వదిలాడు. ఇంకో రెండు వేళ్లు ఎక్కువే వదిలాడు.

మేనకోడలు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బండి వీధిలో నిలబెట్టి ఉంది.

"మామయ్యా, అయిపోయిందా?"

"ఎక్కు. హ్యాండిల్ ఎడమకి తిప్పు. బ్రేకు నొక్కు. ఇంకా గట్టిగా."

లైటు చెక్కు చెదరలేదు. వీధి అవతలి గోడ మీద తెల్లగా, గుండ్రంగా పడింది. ఆ పిల్ల మొహం విప్పారింది.

"తప్పు మీ నాన్నది కాదమ్మా, నాది" అన్నాడు ఆయన. మాట కొంచెం ముద్దగా వచ్చింది. "ఒక రౌండు కొట్టిరా. మలుపుల్లో బ్రేకు నొక్కి చూడు. మేం ఇక్కడే ఉంటాం."

మలుపు తిరిగాక గానీ ఆ పిల్లకి ఆ 'మేం' బుర్రకెక్కలేదు. మామయ్య పక్కన ఎవరూ లేరు కదా అనుకుంది. నాలుగు మలుపుల్లోనూ బ్రేకు నొక్కింది. ఎక్కడా లైటు ఆరలేదు.

తిరిగొచ్చేసరికి ఆయన స్టూలు మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. ఎప్పుడూ వీపు పెట్టే గోడ వైపుకి మొహం తిప్పి కూర్చున్నాడు. కళ్లు సగం మూసి ఉన్నాయి. ఏదో మాట వింటున్నట్టు తల కాస్త పక్కకి వాలింది. బండి నుంచి తీసేసిన పాత వైరు ముక్క ఒళ్లో ఉంది. ఎవరికీ పనికిరాని ఆ ముక్కకి సగందాకా టేపు చుట్టి ఉంది, చుట్ట ఇంకా తెంపకుండా దానికే వేలాడుతోంది. "మామయ్యా" అని ఆ పిల్ల మూడుసార్లు పిలిచింది. తర్వాత పంక్చర్లాయన్ని కేకేసింది. మామయ్య ఒళ్లోంచి వైరు తీసి, ఏం చెయ్యాలో తోచక, గోడకున్న మేకుకి తగిలించింది.

మెదడులో నరం చిట్లి పోయాడన్నాడు డాక్టరు. పంక్చర్లాయన ఎదురు టేపు సంగతి చెబితే, కుడిచెయ్యి కొన్నాళ్లుగా పట్టు తప్పుతూ ఉండి ఉంటుందని, తనకి తెలియకుండానే ఎడమచేత్తో చుట్టి ఉంటాడని అన్నాడు. ఫ్యూజాయన భార్య అంతా వింది.

"ఆయన ఎడమచేత్తో చొక్కా గుండీ కూడా పెట్టుకోలేరండీ" అంది.

ఆ పిల్ల రోజూ చీకట్లో కాలవగట్టు మీదుగా ఇంటికొస్తోంది. లైటు ఒక్కసారీ ఆరలేదు.

కొన్నాళ్లకి అత్తతో కలిసి కొట్టు ఖాళీ చెయ్యడానికి వెళ్లింది. ఇద్దరూ షట్టరు ఎత్తి, లోపలి వేడి బయటికి పోయేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు. వీధిలో ఆకు కదలడం లేదు. లోపల, మేకుకి తగిలించిన పాత వైరు కొసన, తెంపకుండా వదిలేసిన టేపు చుట్ట వేలాడుతూ, మెల్లగా, ఎదురు దిక్కుకి తిరుగుతూ ఉంది.