మూతి కుట్టిన జేబు

1994 జూన్ 14, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. సన్నటి వాన, గాలి లేదు, బయట నాలుగు డిగ్రీల చలి; ఆ దక్షిణార్ధగోళపు దేశంలో జూన్ అంటే నడి చలికాలం. శాన్ సెలెదోనియో చర్చి వెనక కుట్టుగదిలో కూర్చుని, గోనెగుడ్డ మీద బిషప్ అన్సెల్మో బొమ్మకు ఎదువీనా చివరి కుట్టు వేసింది. పది గంటలకు ఆ గుడ్డను ఆయన శవపేటిక పక్కన వేలాడదీయాలి.

పాతబట్టల ముక్కలతో కుట్టిన ఆ బొమ్మలో బిషప్ తన ఇంటి తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఎదుట సైనికులు. 1975లో, సైనిక పాలనలో, ఆ తలుపు వెనక పదకొండు రోజులు దాగినవాడు ఎదువీనా భర్త సెగుందో. లోపల ఎవరూ లేరని బిషప్ అబద్ధమాడబట్టే అతడు బతికాడు.

ఆ రోజుల్లో ఇటువంటి గుడ్డలు, జరుగుతున్నది బయటి లోకానికి చెప్పడానికి, రహస్యంగా దేశం దాటేవి. బొమ్మలో చూపలేనిది కాగితం మీద రాసి, గుడ్డ వెనక జేబులో పెట్టమని ఆడవాళ్లకు నేర్పినవాడు బిషప్పే. జేబు మూతి ఎన్నడూ కుట్టేవారు కాదు. చేరినచోట ఎవరో ఒకరు తీసి చదవాలి.

కుట్టుగది పెద్ద, సెగుందో చెల్లెలు ఒర్తెన్సియా, అలవాటు చొప్పున జేబులోని కాగితం తీసి చదవసాగింది. సగంలో ఆగిపోయింది.

"ఇదేంటి వదినా, ఇవాళా ఇది?"

"ఇవాళ కాకపోతే ఎప్పుడు? రేపట్నుంచి ఆయన్ని పీఠమెక్కించి దణ్ణాలు పెడతారు."

"అన్నయ్యని కాపాడిన మనిషే!"

"కాపాడాడు. మొదటి నాలుగు వరుసలూ అదే. కళ్లజోడు పెట్టుకుని చదువు."

మిగతా వరుసల్లో ఉన్నది వేరు. 1986లో ఎదువీనా కొడుకు లెయాంద్రోను, పన్నెండేళ్లవాణ్ణి, ఫాదర్ ఒసోరియో చెరిచాడు. ఆమె బిషప్ దగ్గరకు వెళ్లింది. ఆయన ఏడ్చాడు, ఎవరికీ చెప్పవద్దన్నాడు, నెల తిరక్కుండా ఒసోరియోను సముద్రతీరాన పుంతా పార్దా బడికి మార్చాడు. సైనికుల ముందు తలుపు మూసిన అలవాటే ఇక్కడా పనిచేసిందని ఎదువీనాకు అర్థం కావడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

"పిల్లాడికి తెలుసా, నువ్వు రాశావని?"

"వాడే రాయమన్నాడు. 'నా పేరొద్దు, వాడి పేరూ ఊరి పేరూ పెట్టు, అక్కడా పిల్లలున్నారమ్మా' అన్నాడు."

"మరి అన్నయ్యకి?"

ఎవరికీ చెప్పవద్దన్న బిషప్ మాటను ఎదువీనా భర్త దగ్గర కూడా పాటించింది.

"చించమనను వదినా. జేబు మూతి కుట్టెయ్, అంతే. కాగితం ఎక్కడికీ పోదు. ముందు ఆయన్ని మట్టిలో పెట్టనీ, తర్వాత చూద్దాం."

"ఆయనా ఇదే అన్నాడు నాతో. తర్వాత చూద్దామని."

అంతలో తలుపు తెరుచుకుంది. నల్లకోటుతో సెగుందో, శవపేటిక మోసేవాళ్లలో అతడొకడు. వానకు తడిసిన వేళ్లతో బొమ్మలోని తలుపును తాకి, ముక్కు చీదుకున్నాడు.

"నన్ను బాగానే దాచావే, ఎదూ. ఎక్కడా కనబడను."

ఎదువీనా సూదిలోకి దారం ఎక్కించింది. కాగితాన్ని జేబులోకి తోసి, మూతికి పదకొండు కుట్లు వేసింది.

2005లో మ్యూజియం కోసం గుడ్డను శుభ్రం చేస్తూ ఆ కుట్లు విప్పారు. ఒసోరియో మీద దొరికిన మొట్టమొదటి రాతగా కోర్టు ఆ కాగితాన్ని స్వీకరించింది. బిషప్ సమాధి అయిన తర్వాత పుంతా పార్దా బడిలో ఒసోరియో చేతిలో పడిన పిల్లలు ముగ్గురని అదే కోర్టు తీర్పులో ఉంది.