మంచాలు దిగం

లారీలోంచి నలభై ఇనపమంచాలు దించుతున్నారు. ఒక్కొక్కటీ గచ్చు మీద పడుతుంటే హాలంతా దద్దరిల్లుతోంది. చంటిపిల్ల ఉలిక్కిపడి లేచి గుక్కపట్టింది. పిల్లతల్లి దాన్ని భుజానేసుకుని గోడకి అతుక్కుపోయి చూస్తోంది. మూడునెలలుగా తను పడుకున్నది ఆ గచ్చుమీదే.

మొగుడు పిల్లని ఎత్తి నేలకేసి కొట్టబోయిన రోజున కట్టుబట్టలతో పరిగెత్తుకొచ్చింది. నిలువనీడ లేని ఆడవాళ్ళకోసం సర్కారు సొమ్ముతో నడిచే ఆశ్రయం అది. నడిపేది కాంట్రాక్టరు. ఇరవైమందికి ఇరవై చాపలు. చలికి పిల్ల ఛాతీ గురగురలాడుతుంటే ఒక్క మంచం ఇప్పించమని వార్డెన్ కాళ్ళావేళ్ళా పడింది. "ఇదేమన్నా నీ పుట్టిల్లనుకున్నావా?" అంది వార్డెన్.

అదే వార్డెన్ ఇవాళ కొత్త దుప్పట్లు పరుస్తోంది. "తనిఖీకి వస్తున్నారు. అడిగితే, వచ్చిన్నాటినుంచీ దీనిమీదే పడుకుంటున్నానని చెప్పు. వాళ్ళటు వెళ్ళగానే నువ్విటు బయల్దేరు. ఇవాళ్టితో నీ తొంభై రోజులూ అయిపోయాయి."

"ఎక్కడికి పోనమ్మా?"

"మొగుడున్నాడుగా!"

పిల్లతల్లి చెయ్యి పిల్ల తలమీదికి పోయింది.

ఇరవైమందికి నలభై మంచాలెందుకో కాసేపట్లోనే తెలిసింది. కూలీల అడ్డా నుంచి ఓ వ్యాను నిండా మరో ఇరవైమంది ఆడవాళ్ళని తెచ్చి దింపారు. చేతులనిండా సిమెంటు. ఒకామె మంచమ్మీద కూలబడి పగలబడి నవ్వింది. "పడుకోడానికి కూలి! ఇంత మంచి పని నా ఏడుతరాల్లో ఎవరికీ దొరికుండదు."

"సిగ్గులేదూ? మా పేరు చెప్పి మా నోటిదగ్గర కూడు లాక్కోడానికొచ్చారా?" ఆశ్రయంలో ఉండేవాళ్ళు విరుచుకుపడ్డారు.

"పనికి పిలిచారు, వచ్చాం. నువ్వు పెడతావా తల్లీ కూడు?"

"అరవకండే!" గుంపులోంచి ఒకామె ముందుకొచ్చింది. "మొన్నటిదాకా ఆ మూల చాప నాదే."

పిల్లతల్లి పోల్చుకుంది. ఇటుకలక్క! పోయిన నెలలో ఇక్కణ్ణించి పంపేసిన మనిషి. "నీకు ఇల్లు దొరికిందన్నారుగా అక్కా?"

"దొరికింది. నేను ఇటుకలు మోసే మేడలోనే. గోడలింకా లేవలేదు గానీ గాలికి కొదవలేదు."

వచ్చినవాళ్ళలో ఏడుగురు అట్లా తరిమేసినవాళ్ళే. గెంటించిన కాంట్రాక్టరే వాళ్ళని మళ్ళీ కూలికి పిలిపించాడు. కూలివాళ్ళ మొహాలు వాడెప్పుడు చూశాడు గనక!

మంచాలతోపాటు గోడకి కొత్త బోర్డు కూడా ఎక్కించారు. "ఏముందే అందులో?" అంది ఇటుకలక్క. పిల్లతల్లి చదువు ఎనిమిదితో ఆగింది. కూడబలుక్కుని చదివింది. "ప్రభుత్వ నిధులతో నలభై పడకలు... వేరే నివాసం చూపించేవరకూ ఆశ్రయం..."

"మళ్ళీ చదువు."

"చూపించేవరకూ అక్కా. తొంభై రోజులని ఎక్కడా లేదు."

 అందరి గొంతులూ ఒక్కసారిగా లేచాయి. ఆఫీసరుతో చెప్పేద్దామని కొందరు. చెబితే ఈ చాప కూడా పోతుందని కొందరు. తేలకముందే జీపు వచ్చేసింది.

ఆఫీసరు మంచాలు చూసుకుంటూ వచ్చి పిల్లతల్లి దగ్గర ఆగాడు. "అంతా బాగుందామ్మా?" ఆయన భుజంమీదుగా కాంట్రాక్టరు కళ్ళు ఉరుముతున్నాయి.

"బాగుందండీ."

నోరు జారి వచ్చిందా మాట. వెనక్కి తీసుకోవాలనుకునేలోపు ఆఫీసరు సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ఇటుకలక్క పక్కన కూచుంది. "నేనూ నోరెత్తలేదుగా. భయం ఎవరబ్బ సొత్తు? పోనీ, మాట పెగలకపోతే ఇంకోటి చేద్దాం."

జీపు సందు తిరిగిందో లేదో, లారీ వెనక్కొచ్చి గుమ్మానికి ఆనింది. కాంట్రాక్టరు చప్పట్లు చరిచాడు. "లేవండి, లేవండి! మంచాలు ఎక్కించాలి!"

చంటిపిల్ల మంచమ్మీద చేతులు బార్లా చాపి ఒళ్ళు తెలీకుండా నిద్రపోతోంది. హమాలీ వంగి మంచంకోడు పట్టుకున్నాడు. "పిల్లని తీసుకో అమ్మా."

"తియ్యను. దిగను."

ఇటుకలక్క కాళ్ళు చాపుకుని పడుకుంది. "నేనూ దిగను." ఆ ఏడుగురిలో మిగతావాళ్ళూ పడుకున్నారు. "మా మంచం మాది" అని ఆశ్రయంలోవాళ్ళు కదల్లేదు. ఇందాక నవ్వినామె చెప్పులు విడిచి మంచంకింద పెట్టుకుంది. "నాకూ ఇల్లు లేదుగా."

"మనిషితో సహా ఎత్తండ్రా!" కాంట్రాక్టరు అరిచాడు.

హమాలీల మేస్త్రీ తల గోక్కున్నాడు. "మంచాలు మోస్తామన్నాం గానీ, మనుషుల్ని మోస్తామన్లేదు సార్."

హాలంతా గొల్లుమంది. నవ్వు వినేసరికి కాంట్రాక్టరు గొంతు దించాడు. పిల్లతల్లి దగ్గరకొచ్చి వంగి, మెల్లగా అన్నాడు. "చూడమ్మా, పసిపిల్లతల్లివి. ఇంకో మూడునెలలు ఉండు. మంచం కూడా నీకే. కూలోళ్ళని లేవమని ఒక్క మాట చెప్పు చాలు."

మూడునెలలు! పిల్లకి నడక వస్తుంది. దగ్గు తగ్గుతుంది. పిల్లతల్లి మనసు ఒక్క క్షణం అటు లాగింది. ఇటుకలక్క తలెత్తి చూసింది. ఆమె పాదాలు మడమలదాకా బీటలు వారి ఉన్నాయి.

"మూడునెలలయ్యాక నన్నూ అడ్డా నుంచే తెస్తావా సారూ?" పిల్లతల్లి గట్టిగా అడిగింది. "బోర్డుమీద రాసింది చేసి చూపించు. నలభైమందికీ ఇళ్ళు చూపించు. అందాకా ఒక్కళ్ళం కూడా దిగం."

"దిగం!" నలభై గొంతులు.

కాంట్రాక్టరు ఫోను చెయ్యగానే పోలీసులు వచ్చారు. బోర్డు వైపు ఎవరూ తలెత్తలేదు. కాంట్రాక్టరు వేలు ఇటుకలక్క మీద వాలింది. "అదే నాయకురాలు. అదే అందర్నీ ఎగదోసింది." ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్ళు పట్టుకుని ఆమెని పోలీసు వ్యానులో పడేశారు. ఆమె తల తలుపుకి తగిలిన చప్పుడు హాలులోకి వినిపించింది.

ఆ చప్పుడుకి అందరూ లేచారు. ఇనస్పెక్టరు మీసం దువ్వుకున్నాడు, పని అయిపోయిందని. కానీ వాళ్ళు లేచింది మంచాలు మొయ్యడానికి. ఇద్దరేసి పట్టుకుని గుమ్మం దాటించారు. గేటు దాటించారు. మేస్త్రీ ఒక కోడు తనూ అందుకున్నాడు. వ్యాను కదిలేలోపు రోడ్డు ఈ చివరినుంచి ఆ చివరికి మంచాలు పరుచుకున్నాయి, వాటిమీద ఆడవాళ్ళు బైఠాయించారు. బస్సు ఆగింది. దాని వెనక మరోటి ఆగింది. జనం దిగొచ్చి ఏంటి సంగతని అడుగుతున్నారు. పిల్లని చంకనేసుకుని పిల్లతల్లి చెబుతోంది. ఈసారి ఒక్క మాటా దాచలేదు.

"వీళ్ళ నాయకురాలెవరు?" ఇనస్పెక్టరు హారన్ల మధ్య అరిచాడు.

"వ్యానులో ఉందిగా సార్" అన్నాడు కాంట్రాక్టరు.

"మరి వీళ్ళెందుకు లేవరు?"

 పిల్లతల్లి పిల్లని పక్కనామె చేతికిచ్చి, వంగి, మంచాన్ని బర్రున ఈడ్చి వ్యాను చక్రానికి ఆనించింది.