సతీసమేతంగా

"మహిమా, నా సాక్సులేడున్నయ్?"

ఖండం మారింది, సముద్రం దాటారు, పన్నెండు వేల అడుగుల ఎత్తున మంచు పేరుకున్న డేరాలో పడుకుని ఉన్నారు. అయినా షాలేమ్‌రాజు సాక్సులు ఎక్కడున్నాయో మహిమకే తెలియాలి. ఆయన సంచి ఆయన తల కిందే ఉంది. జిప్పు లాగితే పైనే కనిపిస్తాయి. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ జిప్పు లాగడం ఆయనకు అలవాటు కాలేదు. చలికి పళ్ళు టకటకలాడుతుంటే మహిమ స్లీపింగ్ బ్యాగులోంచి సగం బయటికి వచ్చి, ఆయన్ని తలెత్తమని చెప్పి, సాక్సులు తీసి చేతిలో పెట్టింది. "ఇవి గావు, మందంవి" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

కిలిమంజారో ఎక్కాలన్న ముచ్చట ఆయనదే. సారపాకలో తెల్లవారకముందే కలిసి నడిచే మగవాళ్ళు నలుగురు ఏడాదిపాటు టీ కొట్టు దగ్గర ఈ కొండనే నమిలారు. చివరికి గైడ్లను, వంటవాళ్ళను ఇచ్చి పైదాకా తీసుకెళ్ళే కంపెనీ ఒకదాన్ని పట్టుకున్నారు. "నువ్వు గూడ రా. మందులు గిట్ల చూసుకోనీకి ఒకరుండాలె గద" అన్నాడు షాలేమ్‌రాజు. అది పిలుపో, డ్యూటీ ఆర్డరో మహిమకు అర్థం కాలేదు. కానీ ఫోన్లో ఆ కొండ బొమ్మ చూసిన రోజే ఆమెకు లోపల ఏదో కదిలింది. ఆ తెల్లటి కొసన ఒక్కసారి నిలబడాలి. ఎవరికీ మందులివ్వడానికి కాదు, ఉత్తగా నిలబడడానికి. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారు. అత్తమ్మ ఇన్నమ్మ చెప్పకముందే నవ్వింది. "ఆడిదానికి గుట్టలెక్కుడేందే? వాడంటే మగపిలగాడు" అంది. ఆ మగపిల్లవాడికి నలభై ఆరేళ్ళు.

నిజానికి ఆ జట్టులో గుట్టలెక్కడం వచ్చింది మహిమ ఒక్కదానికే. ఏఎన్ఎంగా పదహారేళ్ళ నుంచి బూర్గంపాడు అవతల అడవి గూడేలకు టీకాల పెట్టె భుజాన వేసుకుని నడుస్తోంది. జీపు ఆగిపోయిన చోటు నుంచి ఏడు కిలోమీటర్లు, మధ్యలో రెండు వాగులు, ఒక గుట్ట. వెంట వచ్చే ఆశా కార్యకర్త ముత్తక్కే ఆమెకు నడక నేర్పింది. "ఉరకకు బిడ్డా. మాట్లాడుకుంట నడవచ్చేటంత మెల్లగ నడు" అనేది. ఆ నడకను ఎవరూ ట్రెక్కింగ్ అనలేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే "ఇంత ఆలస్యమేంది?" అని అన్నారు, అంతే. షాలేమ్‌రాజు మాత్రం గోదావరి వంతెన మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచొస్తే చాలు, నిమ్మరసం, రెండు ఉడికిన గుడ్లు, కాళ్ళకు నూనె మర్దన సిద్ధంగా ఉండాలి.

శిఖరం మీద పట్టుకుని ఫొటో దిగడానికి బయలుదేరే ముందే ఫ్లెక్సీ కూడా కొట్టించాడు. 'కిలిమంజారో శిఖరాన్ని సతీసమేతంగా అధిరోహించిన శ్రీ షాలేమ్‌రాజు గారికి శుభాకాంక్షలు.' మధ్యలో నల్లకళ్ళద్దాలతో ఆయన, చుట్టూ ముగ్గురు స్నేహితుల చిన్న ఫొటోలు. సతి ఫొటో లేదు, పేరూ లేదు. అడిగితే "పేరెందుకు? సతీసమేతంగ అంటే నువ్వే గద" అన్నాడు. ఇంకా ఎక్కని కొండకు శుభాకాంక్షలు చెప్పుకున్న ఆ ఫ్లెక్సీ చుట్టను మోస్తున్నదీ మహిమే. ఆయన వీపు సంచిలో అయితే మడతలు పడుతుందట.

సాక్సుల గొడవ తీరిందో లేదో, డేరా బయట వంటాయన గొంతు వినిపించింది. రెండు కప్పుల వేడి టీ, ముఖం కడుక్కోవడానికి చిన్న బేసిన్లో గోరువెచ్చని నీళ్ళు పెట్టి వెళ్ళాడు. పెళ్ళయ్యాక పొద్దున్నే పడక దగ్గరికి టీ రావడం మహిమకు ఈ కొండ మీదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే తన మీద తనకే చిరాకేసింది, ఒక కప్పు టీకి ఎవరైనా ఏడుస్తారా అని. షాలేమ్‌రాజు ఒక గుక్క తాగి కప్పు ఆమె వైపు చాచాడు. "చక్కెర తక్కువైంది. పోయి అడుగు." ఆమె బూట్లేసుకుని వెళ్ళింది. ఎందుకు వెళ్ళానా అని దారంతా తిట్టుకుంది.

పెద్ద గైడు పేరు గాడ్‌లిసన్. దేవుడు వింటాడని అర్థం, ఆ కొండ కింది ఊళ్ళలో అలాంటి పేర్లు మామూలేనట. అక్కడి మర్యాద ప్రకారం ఆడవాళ్ళను 'మామా' అంటాడు, మన 'అమ్మా' లాగా. అలా అన్నప్పుడల్లా మగవాళ్ళు నలుగురూ పడిపడి నవ్వేవారు. రోజూ సాయంత్రం భోజనాల డేరాలో ఒక్కొక్కరి వేలికీ ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, తలనొప్పి ఉందా, తిన్నావా, నిద్ర పట్టిందా అని అడిగి కాగితం మీద రాసుకునేవాడు. మొదటి సాయంత్రం మహిమ వంతు రాగానే షాలేమ్‌రాజు అలవాటుగా "షీ ఈజ్ ఫైన్" అన్నాడు. గాడ్‌లిసన్ పెన్ను ఆపాడు. "నేను మామాని అడుగుతున్నాను. ఇక్కడ ఎవరి ఒంటి సంగతి వాళ్ళే చెప్పాలి" అన్నాడు ఇంగ్లీషులో, ఆమె వైపే చూస్తూ. తలనొప్పి లేదని, తిన్నానని మహిమే చెప్పింది. నీకెలా ఉంది అని అడిగి, జవాబు కోసం ఆగిన మనిషి ఇంతకుముందు ఎవరున్నారా అని వెతుక్కుంది. ముత్తక్క తప్ప ఎవరూ తట్టలేదు.

ఫోన్ సిగ్నల్ దొరికిన చోటల్లా ఇన్నమ్మ దొరికేది. "కారం డబ్బా ఏడ వెట్టినవే? వాడు తింటున్నడా? వేడినీళ్ళిస్తున్నవా?" ఆఫ్రికా కొండ మీద కొడుక్కి స్నానానికి వేడినీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చేది అని అడగబోయి, మహిమ కారం డబ్బా సంగతి మాత్రం చెప్పి పెట్టేసేది.

ఆ కొండ మీద ఒకటే మంత్రం: పోలే, పోలే. అంటే మెల్లగా, మెల్లగా. గైడు కంటే ముందు ఎవరూ నడవకూడదు. షాలేమ్‌రాజు నడిచాడు. ప్రతి మజిలీకీ అందరికన్నా ముందు చేరి, వీడియో తీసి, చర్చి గ్రూపులో పెట్టాలి. చలిలో ఒంటేలుకు లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేశాడు. మూడో రోజు నుంచి కణతలు నొక్కుకుంటున్నాడు. గైడు అడిగితే మాత్రం, బల్ల కింద మహిమ కాలు తొక్కి మరీ, "నో హెడేక్" అన్నాడు.

"తలనొస్తే చెప్పాలె. ఎత్తుకు వచ్చే జబ్బిది, ముదిరితే పానం మీదికొస్తది" అంది మహిమ డేరాలో.

"నువ్వేమన్న డాక్టరువా? పిల్లలకు సూదులేసేదానివి" అన్నాడు.

నాలుగో రోజు ఆమే వెళ్ళి గాడ్‌లిసన్‌కు చెప్పేసింది. గాడ్‌లిసన్ పిలిచి అడిగితే షాలేమ్‌రాజు అందరి ముందూ రెండు ప్లేట్లు తిని, ఛాతీ చరుచుకుని, తనకేం లేదన్నాడు. తర్వాత పెళ్ళాంతో మాట్లాడడం మానేశాడు. అదే మేలైంది, మహిమ హాయిగా నిద్రపోయింది.

ఐదో రోజు మధ్యాహ్నానికి ఆఖరి మజిలీ చేరారు. అక్కడి నుంచి అర్ధరాత్రి కదిలితే తెల్లవారేసరికి శిఖరం. షాలేమ్‌రాజు చివరి గంట ఇద్దరి భుజాల మీద వేలాడుతూ వచ్చాడు. రెండుసార్లు కక్కుకున్నాడు. గాడ్‌లిసన్ నేల మీద కర్రతో గీత గీసి, దాని మీద నడవమన్నాడు. మూడో అడుగుకే తూలి పక్కకు పడ్డాడు. క్లిప్పు అరవై ఆరు చూపించింది. మహిమది ఎనభై నాలుగు. "ఈయన ఇప్పుడే దిగాలి. నా మనుషులు ముగ్గురు వెంట వెళ్తారు, ఆక్సిజన్ సిలిండరు కూడా ఉంటుంది. దిగుతున్నకొద్దీ తేరుకుంటాడు" అన్నాడు గాడ్‌లిసన్.

"రెండు సంచులు సర్దు. పోదాం" అన్నాడు షాలేమ్‌రాజు భార్యతో.

నడక స్నేహితుల్లో చిన్నవాడు కోటేష్ తల ఊపాడు. "అవ్ వదినా, అన్నొక్కడెట్ల పోతడు? మీరిద్దరు పోండ్రి. మేం ముగ్గురం పైకి పోయొస్తం."

మహిమ మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన వీపుకు చెవి ఆనించి ఊపిరి విన్నది. గురగుర లేదు. ఆయన పేరు, ఊరి పేరు అడిగింది, సరిగ్గానే చెప్పాడు. ఈయనకు కావలసింది నర్సు కాదు, దిగడం. దింపడం తెలిసినవాళ్ళు ముగ్గురున్నారు. తను వెళ్తే నాలుగో మనిషి అవుతుంది, అంతకు మించి ఏమీ కాదు. అది తెలిశాక కోపం కట్టలు తెంచుకుంది. గైడు మాట దాటి ఉరికింది ఆయన. నీళ్ళు మానింది ఆయన. అబద్ధమాడింది ఆయన. దిగాల్సింది మాత్రం ఇద్దరా?

"వాళ్ళు ముగ్గురొస్తున్నరు. తెల్లారేటాళ్ళకు మంచిగైతవ్. రేపు సాయంత్రం కింద కలుస్త" అంది.

"ఏందీ? నన్ను గిట్ల ఇడిసిపెట్టి పోతవా? పెండ్లానివేనా నువ్వు? సంఘంల ఏమనుకుంటరు?"

"ఇడిసిపెడుతలేను. నువ్వు దిగుతున్నవ్, నేనెక్కుతున్న. గంతే."

దారిలో మాటిమాటికీ నీళ్ళు తాగించమని ఆ ముగ్గురికీ చెప్పింది. తన మఫ్లరు తీసి ఆయన మెడకు చుట్టింది. ఇద్దరి మధ్య ఆయన రాళ్ళ దారి దిగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మహిమకు జాలేసింది. అయినా అడుగు కదపలేదు. ఆ వంపు దాటి ఆయన కనిపించకుండా పోయేదాకా నిలబడి, భోజనాల డేరాలోకి వెళ్ళింది.

అక్కడ గాడ్‌లిసన్ కాగితం ముందేసుకుని, అర్ధరాత్రి ఎంతమందిని లేపాలని అడుగుతున్నాడు. కోటేష్ ఆమె వైపు చూడకుండానే మూడు వేళ్ళు చూపించి "త్రీ" అన్నాడు.

మహిమ ప్లేటు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నలుగురం, కోటేషూ. లెక్క నాతోని మొదలువెట్టు."