దగ్గు తర్వాతి ధర

బాండ్ల జాబితా తెరవాలి. నిన్నటి వడ్డీ రేట్లు ఎక్కించాలి. మార్కెట్లో రోజూ చేతులు మారేవాటికి మార్కెట్ ధర వేయాలి. ఎవరూ ముట్టుకోని ఆ వంతెన కంపెనీ బాండ్ల కోసం దగ్గు తాతకు ఫోన్ చేయాలి. అంతా సాయంత్రంలోపు, ఏడాది లెక్కలు మూసేలోపు అయిపోవాలి.

ఆఫీసులో ఆమెను ధరలమ్మ అంటారు. తమ కంపెనీ ఆ బాండ్లను ఎంతకు కొన్నదన్నది కాదు, ఇవాళ అమ్మకానికి పెడితే ఎవరైనా ఎంతిస్తారో అదే లెక్కల్లో రాయాలి. ఇన్నేళ్లుగా ఆమె చేస్తున్నది ఆ పనే.

దగ్గు తాత ముసలి బ్రోకరు. ఆమె ఆయన్ను ఎన్నడూ చూడలేదు, గొంతే తెలుసు. ముందో అంకె చెబుతాడు, అది మొహమాటానికి. తరువాత దగ్గుతాడు. దగ్గు తగ్గాక చెప్పేదే అసలు ధర. ఆ పేరు పెట్టింది ఆమె కూతురే. "అమ్మా, మీ దగ్గు తాత ఇవాళ ఎంత దగ్గాడు?" అని ఇంట్లో ఒకటే ఏడిపింపు. ఆమె మాత్రం పోయిన వారం మందుల షాపులో దగ్గు బిళ్ళల డబ్బా కొని ఆఫీసులో పెట్టుకున్నది. చిరునామా అడిగి పంపుదామనుకుంటూనే ఉంది.

పొద్దున ఆయనే ఫోన్ ఎత్తాడు.

"ఏమ్మాయ్, నీ వంతెన ఇంకా నిలబడే ఉందా?"

"అది మీరే చెప్పాలి బాబాయ్ గారూ."

"వందకి ఎనభై అనుకో." తరువాత దగ్గు. ఎప్పుడూ లేనంత పొడుగు దగ్గు. "కాదమ్మా, యాభై ఐదు. అంతకు మించి పెట్టేవాడు ఎవడూ లేడు. కాసేపాగి మెయిల్ పెడతా."

మెయిల్ రాలేదు. మధ్యాహ్నం మళ్ళీ చేస్తే కొత్త గొంతు పలికింది.

"మా మావయ్య పొద్దునే పోయారండీ. ఫోన్ పెట్టేసి నీళ్ళడిగారు. తెచ్చేసరికి కుర్చీలోనే..."

ఫోన్లో, అవతల ఎవరో బల్లలు జరుపుతున్న చప్పుడు.

"వంతెన ఎంత?" మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

"యాభై ఐదు సార్. ఫోన్లో చెప్పారు. మెయిల్ పెట్టేలోపే పోయారు."

మేనేజరు క్షణం తల దించుకున్నాడు. "పాపం. మరి రాతలో లేనప్పుడు ధర లేనట్టేగా. పోయినసారి తొంభై రెండు, అదే ఉంచెయ్యండి. యాభై ఐదు వేస్తే ఏడాది లాభమంతా ఊడ్చుకుపోతుంది."

"నేను విన్నాను కదా సార్."

"మీరొక్కరే విన్నారు. ఆయనొచ్చి చెప్తాడా ఇప్పుడు? మాట వినకపోతే రేపట్నించి ఈ సీటు మీది కాదు."

ఈ సీటు తప్ప వేరే పని ఆమెకు తెలియదు. వేలు తొమ్మిది అంకె మీదకు పోయి ఆగింది. చెవిలో ఇంకా ఆ దగ్గు. ఊపిరాడకపోయినా ఎనభైతో సరిపెట్టలేదు ఆయన.

యాభై ఐదు కొట్టింది. కింద ఇలా రాసింది: "ఫోన్లో చెప్పిన ధర. చెప్పినవారు మెయిల్ పంపేలోపే మరణించారు. విన్నది నేను." మేనేజరుకీ ఆడిటర్లకీ కలిపి పంపేసింది.

మేనేజరు అరవలేదు. "రేపట్నించి పాత ఫైళ్ళ గదిలో కూర్చోండి" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఆమె సంచీ సర్దుకుంది. కళ్ళజోడు, టిఫిన్ డబ్బా, కూతురి ఫొటో. ఒక్కటి మాత్రం కావాలనే వదిలేసింది.

ఎప్పుడైనా మీరు ఆ సీట్లో కూర్చుంటే, మొదట చెప్పిన అంకె తొందరపడి రాసుకోకండి. ఆ పెద్దాయన్ను ఒక్కసారి తలుచుకోండి. ఫోన్ పక్కనే ఉంటుంది, మూతైనా తీయని ఆ దగ్గు బిళ్ళల డబ్బా.